కోనసీమలో గ్యాస్ పైప్‌లైన్ అప్రెంటిస్: అసలు ఏం నేర్పుతారు, ఏం నేర్చుకోవాలి

అమలాపురంలోనో రాజోలులోనో ఐటీఐ ఫిట్టర్ పాసైన కుర్రాడు ఇంట్లో ఉంటే, చుట్టాలు ముందు అడిగే మాట "ఓఎన్‌జీసీలో గానీ గెయిల్‌లో గానీ అప్రెంటిస్ పడిందా?" అనే. పడితే ఇక పర్మినెంట్ అయిపోయినట్టే అనుకునేవాళ్లు కొందరు, "ఏముందిలే, ఏడాదిపాటు బోల్టులు బిగించుకుని వచ్చేస్తాడు" అనేవాళ్లు ఇంకొందరు. ఇద్దరూ పొరబడుతున్నారు. గ్యాస్ లైన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తూ, కొత్తగా వచ్చిన పిల్లల్ని పక్కన పెట్టుకుని తిప్పినవాణ్ణి కాబట్టి ఇందులో ఏముందో, ఎక్కడ మోసపోతారో, దేనికి కళ్లు తెరుచుకుని ఉండాలో కాస్త విడమరిచి చెబుతాను.

ముందు లైన్ల సంగతి. మన డెల్టాలో నేల కింద ఉన్న గ్యాస్ గొట్టాలన్నీ ఒకటే అనుకుంటారు గానీ, వాటిలో మూడు రకాలున్నాయి. ఒకటి, బావుల నుంచి గ్యాస్ కలెక్టింగ్ స్టేషన్‌కి వచ్చే లైన్లు. తాటిపాక, పాశర్లపూడి, మోరి చుట్టుపక్కల కొబ్బరితోటల మధ్య కనిపించే ఓఎన్‌జీసీ బావులవి. వీటిలో వచ్చేది శుభ్రమైన గ్యాస్ కాదు, దాంతోపాటు నీళ్లు, కండెన్సేట్ (గ్యాస్‌లోంచి దిగే పలచని నూనె), ఒక్కోచోట ఇసుక కూడా వస్తాయి. రెండోది ట్రంక్ లైన్లు, అంటే శుద్ధి చేసిన గ్యాస్‌ని ఎరువుల ఫ్యాక్టరీలకీ పవర్ ప్లాంట్లకీ దూరాలకి మోసుకెళ్లేవి. కేజీ బేసిన్‌లో, అంటే కృష్ణా-గోదావరి ప్రాంతంలో, గెయిల్ నెట్‌వర్క్ ఇదే. సముద్రం అడుగు నుంచి వచ్చే కేజీ-డీ6 గ్యాస్ 2009 నుంచి కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకి చేరుతోంది, అక్కణ్ణించి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్ల లైను ఉంది. మూడోది సిటీ గ్యాస్, ఇళ్లకీ హోటళ్లకీ సీఎన్‌జీ బంకులకీ ఇచ్చేది. కాకినాడ, రాజమండ్రి వీధుల్లో గోడల మీద మీటర్లు కనిపిస్తున్నాయి కదా, అవి ఈ రకం.

ఇదెందుకు చెప్తున్నానంటే, మీరు ఏ రకం లైను మీద పడ్డారన్నదాన్ని బట్టే మీరు నేర్చుకునే పని మారిపోతుంది. బావుల లైన్ల దగ్గర వాల్వులు, గ్యాస్‌నీ నీళ్లనీ విడదీసే సెపరేటర్లు, లోపలి తుప్పు. ట్రంక్ లైన్ మీద తుప్పు కొలతలు, పిగ్గింగ్ (గొట్టం లోపల యంత్రాన్ని పంపి శుభ్రం చేయడం, చూడటం), కిలోమీటర్ల కొద్దీ లైన్ వెంట నడవడం. సిటీ గ్యాస్‌లో ప్లాస్టిక్ గొట్టాల అతుకులు, రెగ్యులేటర్లు, జనాల ఇళ్లలోకి వెళ్లి మాట్లాడటం. పీడనాలు కూడా వేరే. ట్రంక్ లైన్‌లో పదుల బార్‌లలో (బార్ అంటే పీడనం కొలత, వెయ్యి మిల్లీబార్‌లు) ఉండే గ్యాస్, ఊళ్లోని స్టేషన్‌లో దిగి, వీధిలో పసుపు రంగు ఎండీపీఈ ప్లాస్టిక్ గొట్టంలోకి సుమారు 4 బార్‌లతో వెళ్లి, ఇంటి ముందు 100 మిల్లీబార్‌కి తగ్గి, మీ స్టవ్ దగ్గరికి వచ్చేసరికి 21 మిల్లీబార్ అవుతుంది. స్టవ్ దగ్గర లీకైతే కిటికీ తీసి వాల్వు కట్టేస్తే చాలావరకు గండం గడుస్తుంది. ట్రంక్ లైన్ దగ్గర అలా కుదరదు.

ఎందుకు కుదరదో చెప్పాలంటే నగరం అనే ఊరి గురించి చెప్పాలి. 2014 జూన్ 27 తెల్లవారుజామున, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ వాళ్ల 18 అంగుళాల లైను పగిలి, గ్యాస్ ఊరి మీద పరుచుకుని అంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. తర్వాత జరిగిన విచారణలో తేలిన ముఖ్యమైన విషయం ఏంటంటే, పొడి గ్యాస్ కోసం వేసిన లైన్లో తడి గ్యాస్ పంపారు. గ్యాస్‌తో పాటు వచ్చిన నీళ్లు గొట్టంలో పల్లంగా ఉన్నచోట అడుగున నిలుస్తాయి, గ్యాస్‌లో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ నీళ్లలో కరిగి ఆమ్లం అవుతుంది, అది ఇనుముని లోపలినుంచి తినేస్తుంది. పైన కోటింగ్ ఎంత బాగున్నా, బయట తుప్పు కొలతలు ఎంత బాగా వచ్చినా దీన్ని ఆపలేవు. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పామని ఊరివాళ్లు అన్నారు.

అప్రెంటిస్‌గా వచ్చిన ప్రతివాడికీ మొదటి వారంలోనే దీని గురించి చెప్పాలని నా అభిప్రాయం. భయపెట్టడానికి కాదు. మెయింటెనెన్స్ అంటే పగిలాక అతకడం అనుకునే పిల్లలకి అసలు పని ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది. పగిలిన రోజున ఎంత గొప్ప ఫిట్టరైనా చేయగలిగింది వాల్వు మూయడమే. పని అంతా ఆ రోజుకి ముందు నెలల్లో, సంవత్సరాల్లో ఉంటుంది: కొలవడం, రాయడం, తేడా కనిపిస్తే పైవాళ్లకి రాతపూర్వకంగా చెప్పడం, మళ్లీ వెళ్లి చూడటం.

కొలవడం అంటే ఏంటో ఒక పని దగ్గరగా చూపిస్తాను. ఇనుప గొట్టం తడి నేలలో ఉంటే తుప్పు పడుతుంది. సముద్రానికి దగ్గరగా, ఉప్పు తగిలే మన నేలలో ఇంకా తొందరగా పడుతుంది, ఎందుకంటే ఉప్పునీటి మట్టిలో కరెంటు సులువుగా పారుతుంది. అందుకని గొట్టానికి మూడు పొరల పాలిథిలిన్ కోటింగ్ వేస్తారు, దాన్ని తప్పించుకుని ఎక్కడైనా ఇనుము బయటపడితే అక్కడ కూడా తుప్పు పట్టకుండా గొట్టంలోకి చిన్న డీసీ కరెంటు పంపిస్తారు. దీన్నే కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు, మా సైటులో అందరూ సీపీ అనే అంటారు. ఆ కరెంటు సరిగ్గా అందుతోందో లేదో చూడటానికి లైన్ పొడుగునా, సుమారు కిలోమీటరుకి ఒకటి చొప్పున, గట్ల మీద చిన్న పెట్టెలాంటి స్తంభాలుంటాయి. టెస్ట్ లీడ్ పాయింట్ అంటే అదే. పొలాల్లో దానికి గేదెని కట్టేసి ఉండటం కూడా చూస్తుంటాం.

ఆ పెట్టె మూత తీసి ముందు చేయాల్సింది ఏసీ వోల్టేజి చూడటం. హైటెన్షన్ లైన్లూ, ఎలక్ట్రిక్ రైల్వే ట్రాకూ పైప్‌లైన్ పక్కనే చాలా దూరం వెళ్తే, గొట్టంలో ఏసీ పుడుతుంది. 15 వోల్టులు దాటితే ఆ తీగని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. తర్వాత హాఫ్ సెల్ తీస్తాం. అదొక ప్లాస్టిక్ గొట్టం, లోపల మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లు, మధ్యలో రాగి కడ్డీ, అడుగున చెమ్మ ఊరే మూత. ఎండాకాలం కోతలయ్యాక చేను నెర్రెలిచ్చి ఉంటుంది, అప్పుడు సీసాలో నీళ్లు పోసి మట్టి తడిపి, దాని మీద సెల్‌ని నిలబెట్టాలి. మల్టీమీటరు ఒక తీగ పెట్టెలోని కేబులుకి, రెండోది సెల్‌కి. మైనస్ 0.85 వోల్టులు గానీ, అంతకన్నా ఎక్కువ మైనస్ గానీ చూపిస్తే గొట్టానికి రక్షణ ఉన్నట్టు. అయితే ఇక్కడో చిక్కుంది. కరెంటు పారుతుండగా కొలిచిన అంకెలో మట్టి వల్ల వచ్చే తేడా కూడా కలిసిపోతుంది, కాబట్టి కరెంటుని ఒక్క క్షణం ఆపి కొలిచిన అంకె, అంటే ఆఫ్ రీడింగ్, దాన్నే నమ్మాలి. మరీ ఎక్కువ మైనస్ వెళ్లినా మంచిది కాదు, కోటింగ్ ఊడిపోయే ప్రమాదం ఉంది. మైలుతుత్తం నీళ్లు పాతబడి మురికైతే మీటరు తప్పు చెబుతుంది, దాన్ని చూసి లైను తప్పనుకుని కంగారుపడే కొత్తవాళ్లుంటారు.

ఇంత చేసి రాసేది ఒక్క అంకె. కానీ పోయిన నెల మైనస్ 1.05 ఉన్నది ఈ నెల మైనస్ 0.62 వచ్చిందంటే, ఆ అంకె వెనక పది కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. తుఫానుకి కరెంటు పోయి, ఆ డీసీ కరెంటు పంపే రెక్టిఫయర్ ఆగిపోయి ఉండొచ్చు, పొక్లెయిన్ తగిలి కేబులు తెగి ఉండొచ్చు, రోడ్డు కింద లైన్‌కి తొడుగులా వేసిన కేసింగ్ పైపు లైన్‌కి తగులుతూ ఉండొచ్చు, లేదా గొట్టం మీద కోటింగే చీరుకుపోయి ఉండొచ్చు. ఏ కారణమో ఒక్కొక్కటే తీసేసుకుంటూ తేల్చడం, అదీ విద్య. పోయిన నెల అంకెనే మళ్లీ రాసేసి టీకి వెళ్లిపోవడం చాలా సులువు, ఎవరికీ తెలియదు కూడా. అప్రెంటిస్ ఆ అలవాటు మొదటి నెలలోనే పట్టుకుంటే ఇక వదలదు. అందుకే మీ సీనియర్ ఎవరైనా "రీడింగ్ అక్కడే ఉంటుందిలే, రాసెయ్" అంటే, మర్యాదగానే "లేదండి, ఒకసారి చూసొస్తానండి" అని సైకిలో బైకో ఎక్కండి.

లోపలి తుప్పుకి వేరే పని ఉంది. గొట్టంలోకి పిగ్ అనే యంత్రాన్ని ఒకవైపు నుంచి పంపి, గ్యాస్ పీడనంతోనే రెండో చివరకి తోయిస్తారు. మామూలు పిగ్ అడుగున నిలిచిన నీళ్లూ మడ్డీ తోసుకొస్తుంది. ఇంటెలిజెంట్ పిగ్ అయితే అయస్కాంతంతో గొట్టం గోడ మందం ఎక్కడెక్కడ తగ్గిందో రికార్డు చేసుకుంటూ వస్తుంది. అప్రెంటిస్ దాని డేటా చదవడు, అది నిపుణుల పని. కానీ పిగ్ వచ్చి చేరే రిసీవర్ తలుపు తీసే ముందు లోపల పీడనం సున్నా అయిందో లేదో ఒకటికి రెండు గేజీల మీద చూడటం, తీశాక వచ్చిన మడ్డి ఎంతుందో, ఏ రంగులో ఉందో రాయడం నేర్చుకోవాలి. పిగ్ తోసుకొచ్చిన నీళ్లు ఎక్కువయ్యాయంటే, పైన ఎక్కడో గ్యాస్‌ని సరిగా ఆరబెట్టడం లేదని అర్థం. నగరం ప్రమాదం తర్వాత ఆ రాతకి విలువ ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక మన నేల గురించి. వేరే రాష్ట్రాల్లో రాసిన ట్రైనింగ్ పుస్తకాల్లో ఉండని చిక్కులు డెల్టాలో ఉన్నాయి. మీటరు తవ్వితే చాలు నీళ్లు. వరదొస్తే, గ్యాస్ నిండిన గొట్టం ఖాళీ బిందెలా పైకి తేలాలని చూస్తుంది. అందుకే నదుల దగ్గర, కాలువల దగ్గర, లంకల్లో గొట్టానికి కాంక్రీటు తొడుగు వేసి బరువు పెంచుతారు. వరద తీశాక లైన్ మీద మట్టి కోసుకుపోయిందేమో నడిచి చూడాలి. కాలువల కింద పని ఏదైనా ఉంటే వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే చూసుకోవాలి, నీళ్లు వదిలారంటే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ చెరువులు. వరిచేను చేపల చెరువో రొయ్యల చెరువో అయిపోవడానికి ఇక్కడ రెండు రాత్రులు చాలు, పొక్లెయిన్ ఒకటి దిగితే సరిపోతుంది. పైప్‌లైన్ వెళ్లిన భూమి రైతుదే, దాని మీద కంపెనీకి ఉన్నది వాడుకునే హక్కు మాత్రమే. 1962 నాటి పెట్రోలియం, మినరల్స్ పైప్‌లైన్స్ చట్టం ప్రకారం లైన్ వెళ్లే ఆ నేల పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి వేసుకోవచ్చు. ఆ హక్కుకి పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం దానికి వేరే. కోనసీమ రైతుకి ఇది ఎంత బాధో కాస్త ఆలోచించండి, కొబ్బరిచెట్టు పెట్టకూడని కొబ్బరితోట ఉంటే ఏం, లేకపోతే ఏం! పక్కవాడు చెరువు తవ్వి లక్షలు చూస్తుంటే తనకి కుదరదు. ఆ కోపం న్యాయమైనదే. లైన్ మీద తిరిగే కుర్రాడు ఆ సంగతి గుర్తుపెట్టుకుని మాట్లాడాలి.

"ఏవండీ బాబాయ్‌గారూ, మీ పొక్లెయిన్ ఈ మార్కరు దాటి రాకుండా చూడండి, మేం వచ్చి లైను ఎక్కడుందో గుర్తులు పెట్టిస్తాం" అని నిదానంగా చెప్పినవాడికి, తర్వాత రాత్రి పదకొండింటికి ఫోనొస్తుంది: "ఆయ్, మా పక్కచేలో మిషను దిగిందండి, మీ లైను దగ్గరే." చట్టం సెక్షన్లు చదివి బెదిరించినవాడికి ఆ ఫోను రాదు. స్థానిక కుర్రాళ్లని ఈ పనికి తీసుకోవాలని నేను గట్టిగా అనేది ఇందుకే. ఏ గట్టు ఎవరిదో, ఏ చేను ఈ ఏడు చెరువు కాబోతోందో వాళ్లకి ముందే తెలుస్తుంది.

సిటీ గ్యాస్ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో రకం ఓపిక కావాలి. ఎండీపీఈ గొట్టాలు అతికేది ఎలక్ట్రోఫ్యూజన్ పద్ధతిలో. రెండు గొట్టాల్నీ కలిపే కప్లర్‌లోనే తీగచుట్ట ఉంటుంది, మెషీన్ తగిలిస్తే వేడెక్కి రెండు ప్లాస్టిక్కులూ కరిగి ఒకటైపోతాయి. చూడటానికి బటన్ నొక్కడమే. కానీ అతుకు మంచిదా చెడ్డదా అన్నది బటన్ నొక్కకముందే తేలిపోతుంది. గొట్టం పైన ఎండకీ గాలికీ పాడైన పలచని పొర ఉంటుంది, దాన్ని స్క్రేపర్‌తో చుట్టూ పూర్తిగా గీకెయ్యాలి. తర్వాత స్పిరిట్‌తో తుడవాలి, తుడిచాక చెయ్యి తగలకూడదు. చెమట, బురద, చొక్కా అంచుతో తుడవడం, ఇవన్నీ అతుకుని పాడుచేసేవే. గుంటలో నీళ్లు ఊరుతుంటే మోటారుతో తోడుతూనే ఉండాలి, ఒక్క చుక్క లోపలికి పోయినా ఆవిరై బుడగ చేస్తుంది. క్లాంపు బిగించి, బార్‌కోడ్ స్కాన్ చేసి, కరిగాక, చల్లారే సమయం మొత్తం అయ్యేదాకా క్లాంపు తీయకూడదు. చెడ్డ అతుకు ఆరోజు టెస్టులో పాసైపోవచ్చు, లీకు తర్వాతెప్పుడో వస్తుంది. అప్పటికి అతికినవాడు అక్కడ ఉండడు, పక్కింటివాళ్లు ఉంటారు.

గ్యాస్ డిటెక్టర్ గురించి ఒక్కమాట, ఎందుకంటే దీన్ని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ. సహజవాయువు గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. మీటరు మీద కనిపించేది గాలిలో గ్యాస్ శాతం కాదు, ఆ 5 శాతంలో ఎంతవంతు అన్నది. మీటరు 20 చూపిస్తే గాలిలో గ్యాస్ 1 శాతం ఉన్నట్టు. 100 చూపిస్తే అగ్గిపుల్ల చాలు. ఇంకో ప్రమాదం, గ్యాస్ మరీ ఎక్కువై ఆక్సిజన్ తగ్గిపోయిన గుంటలో కొన్ని మీటర్లు తక్కువ చూపిస్తాయి, కాబట్టి వాల్వు గుంటలోకి దిగేముందు ఆక్సిజన్ కూడా చూడాలి, 19.5 శాతం కంటే తక్కువుంటే దిగకూడదు. సహజవాయువు గాలికన్నా తేలిక, సిలిండర్ గ్యాస్ బరువు, ఈ తేడా కూడా ఒంటబట్టాలి. అలాగే సహజవాయువుకి సొంత వాసన ఉండదు, మనకొచ్చే ఆ కుళ్లు వాసన ఇళ్లకి పంపే ముందు కలిపే మెర్కాప్టాన్‌ది. ట్రంక్ లైన్లో అది కలపకపోతే ముక్కుని నమ్ముకుని లాభం లేదు.

ఇప్పుడు కాగితాల సంగతి, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. అప్రెంటిస్ అంటే 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద ఒప్పందం రాసుకుని, దాన్ని ప్రభుత్వ పోర్టల్లో రిజిస్టర్ చేసిన ట్రైనీ. లైన్ పనులు చేసే కాంట్రాక్టరు దగ్గర రోజుకూలీకి హెల్పరుగా చేరి "నేను అప్రెంటిస్‌ని" అనుకునేవాళ్లున్నారు, వాళ్లకి చివర్లో ఏ సర్టిఫికెట్టూ రాదు. ఐటీఐ వాళ్లు ట్రేడ్ అప్రెంటిస్, డిప్లొమా వాళ్లు టెక్నీషియన్ అప్రెంటిస్, డిగ్రీ వాళ్లు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్. 2019లో నిబంధనలు సవరించినప్పుడు కనీస స్టైపెండు ఐటీఐకి నెలకి 7,000, డిప్లొమాకి 8,000, డిగ్రీకి 9,000 రూపాయలని పెట్టారు. వీటిని సవరిస్తుంటారు, కొన్ని సంస్థలు ఎక్కువ కూడా ఇస్తాయి, కాబట్టి మీ నోటిఫికేషన్లో ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. ప్రమాదకర పరిశ్రమ కాబట్టి 18 నిండాలి. ఓఎన్‌జీసీలాంటి చోట ఎంపిక చదువు మార్కుల మెరిట్ మీదే, రాతపరీక్ష ఉండదు, "మావాడున్నాడు, యాభై వేలివ్వండి, వేయిస్తాడు" అనేవాడి మాట అస్సలు వినకండి.

చట్టంలో రెండు సంగతులు స్పష్టంగా ఉన్నాయి. అప్రెంటిస్ ట్రైనీయే గానీ కార్మికుడు కాదు, కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి లేదు, ఒప్పందంలో అలా రాసి ఉంటే తప్ప. అయితే శిక్షణలో దెబ్బ తగిలితే ఉద్యోగికి ఇచ్చినట్టే నష్టపరిహారం ఇవ్వాలి. అంచేత పర్మిట్ లేకుండా పని చేయమంటే, డిటెక్టర్ లేకుండా గుంటలోకి దిగమంటే, "పర్మిట్ చూపించండి సార్" అనడం మీ హక్కు. గ్యాస్ లైన్ మీద ఏ పనికైనా ముందు ఒక కాగితం ఉంటుంది, ఏ వాల్వులు మూశారు, ఎవరు తాళం వేశారు, గ్యాస్ పరీక్ష ఎన్నింటికి చేశారు అన్నీ దాంట్లో రాసి సంతకాలు పెడతారు. మీ సంతకం పెట్టేచోట, మీరు కళ్లతో చూసినదానికే పెట్టండి.

ఇంకో చిన్న విషయం ముందే చూసుకోండి. ఒకసారి అప్రెంటిస్ చేసినవాళ్లు మళ్లీ పనికిరారని చాలా నోటిఫికేషన్లలో ఉంటుంది. అంటే మీ ఏకైక అవకాశాన్ని ఎక్కడ వాడుకుంటున్నారో ఆలోచించి వాడుకోవాలి. లైన్ మీదకి పంపకుండా ఏడాదంతా ఆఫీసులో జెరాక్సులు తీయించే చోట చేరితే స్టైపెండు వస్తుంది, సర్టిఫికెట్టూ వస్తుంది, పని మాత్రం రాదు. చేరేముందు అక్కడ పోయినేడాది చేసిన కుర్రాణ్ణి పట్టుకుని "నిన్ను ఎన్నిసార్లు సైటుకి తీసుకెళ్లారు, సీపీ రీడింగ్ నువ్వు తీశావా, పిగ్గింగ్ చూశావా" అని అడగండి. చేరాక, వారానికోసారైనా మీరు చేసిన పని, చూసిన రీడింగు, దొరికిన తప్పు ఒక సొంత నోటుపుస్తకంలో తెలుగులోనే రాసుకోండి. రాజమండ్రి, కాకినాడల్లో లైన్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టర్లు టెక్నీషియన్లని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్టు ఒక్క నిమిషం చూసి పక్కన పెడతారు. ఆ తర్వాత అడిగేవన్నీ రీడింగ్ తగ్గితే ముందు ఏం చూస్తావు, కప్లర్ చల్లారడానికి ఎంతసేపు ఆగుతావు, మీటరు 20 చూపిస్తే అర్థమేంటి, ఇలాంటివే.